తొమ్మిదుల జత

పోలిరాజు మొహాలు చదవగలడని కొత్తపేట చుట్టుపక్కల పేరుంది. కొబ్బరి బేరానికి వచ్చిన షావుకారు ఎంతవరకు దిగుతాడో కనుబొమలు చూసి చెప్పేసేవాడు. సంబంధం చూడ్డానికి వెళ్ళేవాళ్ళు అతన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ఇక పేకాట సంగతి చెప్పక్కర్లేదు. ఎదుటివాడు ముక్కలు ఎత్తి చూసుకున్న ఆ ఒక్క క్షణం అతనికి చాలు.

2002 ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం చిన్నబ్బాయి కొబ్బరి కొట్లో ఆటకి కూర్చున్నారు. కాలవ గట్టున పెద్ద రేకుల షెడ్డు అది. అటక మీద కురిడీ కాయలు ఎండుతుంటాయి, కింద గోడల వెంబడి బస్తాలు. బస్తాల మధ్య ఈతచాప పరిచి పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం ఆడుతున్నారు. మామూలుగా నలుగురైదుగురు ఉంటారు. ఆ రోజు ఊళ్ళో పెళ్ళి ఉండడం వల్ల ముగ్గురే మిగిలారు: పోలిరాజు, చిన్నబ్బాయి, యేసురత్నం మేష్టారు.

మేష్టారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రెండేళ్ళ కిందట రిటైరయ్యారు. చర్చి అయ్యాక ఇంట్లో భోంచేసి, ఆ తెల్ల చొక్కాతోనే సైకిలెక్కి వచ్చేవారు. భార్య జ్ఞానమ్మగారికి ఆదివారం పూట పేకాటంటే గిట్టదు. ఆవిడ ముప్పయ్యేళ్ళు సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి. ఒక్కగానొక్క కూతురు బిందుకి పెళ్ళయి విశాఖపట్నంలో ఉంటోంది.

మేష్టారి తండ్రి ఒకప్పుడు పోలిరాజు తండ్రి చేలో పాలేరుగా చేశాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఎన్నడూ ఎత్తలేదు. పోలిరాజు కూతురు జ్యోతిర్మయి పదో తరగతి గట్టెక్కిందంటే మేష్టారి చలవే. కూతురి పెళ్ళిలో మేష్టారిని మొదటి బంతిలో తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు పోలిరాజు. దాన్ని గురించి చుట్టాలు గొణుక్కుంటే వినిపించుకోలేదు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా తన మీద తనకి కాస్త గర్వంగా ఉండేది.

వాళ్ళు ఆడేది మూడు ముక్కలాట. మనిషికి మూడేసి ముక్కలు. మూడూ ఒకటే అంకైతే తిరుగులేదు. దాని తర్వాత వరస అంకెలు, ఆ తర్వాత మూడూ ఒకే రంగు, చివరికి జతలు. ఏమీ రానివాడు ముక్కలు పారేసి ‘ప్యాక్’ అంటాడు. ఉన్నవాడూ, ఉన్నట్టు నటించేవాడూ డబ్బు వేసుకుంటూ పోతారు. చివరికి ఇద్దరే మిగిలితే, ఎవరైనా రెట్టింపు వేసి ‘షో’ అని అడగొచ్చు. పెద్ద డబ్బేమీ కాదు. మేష్టారు వారానికి యాభై రూపాయల చిల్లర తెచ్చుకునేవారు. అది అయిపోతే నవ్వుకుంటూ లేచిపోయేవారు. లెక్కల మనిషి కదా, చేతిలో ముక్క బాగోకపోతే రెండో మాట లేకుండా పారేసేవారు.

ఆ రోజు నాలుగో ఆటో ఐదో ఆటో. చిన్నబ్బాయి పంచాడు. పోలిరాజు ముక్కలు ఎత్తి చూశాడు. రెండు తొమ్మిదులు, ఒక రాణి. తొమ్మిదుల జత. పారేయడానికి మనసొప్పని చెయ్యి. అలాగని ధైర్యంగా ముందుకెళ్ళే చెయ్యీ కాదు.

రెండు చుట్లు తిరిగాయి. బయట లారీ హారను వినబడింది.

“నాకేం రాలేదండి బాబూ. ప్యాక్,” అని చిన్నబ్బాయి ముక్కలు బోర్లా పడేసి లేచాడు. “లోడు బండొచ్చింది. మీరిద్దరూ తేల్చుకోండి, నేనిప్పుడే వస్తాను.”

మేష్టారి వంతు. ఆయన ముక్కల వంక చూసుకుంటున్నారు. మామూలు కంటే ఎక్కువసేపే చూశారు. తర్వాత ముక్కలు పట్టుకున్న కుడి చెయ్యి కిందికి దిగింది, ముందున్న చిల్లర కుప్ప మీద పడింది, కుప్పనంతా చాప మధ్యకి తోసేసింది. నాణేలు చెల్లాచెదురయ్యాయి. రెండు రూపాయి బిళ్ళలు చాప దాటి దొర్లి బస్తా కిందికి పోయాయి. మేష్టారు వాటి వైపు చూడనైనా లేదు.

“మొత్తమా మేష్టారూ?” అన్నాడు పోలిరాజు, నవ్వొచ్చి.

ఆయన మాట్లాడలేదు. సూటిగా పోలిరాజు మొహంలోకే చూస్తున్నారు.

పదకొండేళ్ళలో మేష్టారు అలా చేయలేదు. పోలిరాజు గోడ గడియారం చూశాడు. మూడూ ఇరవై. గోడకి చేరగిలబడి కాళ్ళు చాపుకున్నాడు. ఇలాంటి ఆట కోసమే అతను ఆదివారాలు వచ్చేది.

రెండే సంగతులు. మేష్టారికి వరసో రంగో వచ్చి ఉండాలి, లేదా ఏమీ వచ్చి ఉండకూడదు. వరసైతే తొమ్మిదులు ఎందుకూ పనికిరావు. ఏమీ లేకపోతే తొమ్మిదులే గెలుస్తాయి. పారేస్తే పోయేది కొంచెమే, కానీ లెక్కల మేష్టారు ఏమీ లేకుండా బెదిరించి గెలిచారన్న మాట వారమంతా వినాలి. షో అడిగితే రెట్టింపు పోతుంది. అడగకుండా తనూ పెంచితే ఆయన బెదురుతారా? ముక్కల్లో తేలే సంగతి కాదిది. మొహంలో తేలాలి.

పోలిరాజు మొహం చూశాడు.

మేష్టారి పై పెదవి మీద చెమట పట్టింది. ఫ్యాను నెత్తి మీదే తిరుగుతోంది. అబద్ధం ఆడేవాడికి అక్కడే చెమట పడుతుందని పోలిరాజు లెక్క. అయితే ఏమీ లేదన్నమాట. కానీ కళ్ళు తప్పించడం లేదు, రెప్ప కూడా వాల్చడం లేదు. ఏమీ లేనివాడు అంతసేపు చూడలేడు. అయితే ఉందన్నమాట. కుడి కన్ను కాస్త మూసుకున్నట్టుంది, సన్నగా. అది ఎన్నడూ చూడని గుర్తు.

అతను సిగరెట్టు తీసి తొందర లేకుండా వెలిగించాడు. ఎదుటివాడు దొంగాట ఆడుతుంటే ఆలస్యాన్ని మించిన మందు లేదు. కూర్చోబెడితే వాడే కరుగుతాడు.

మేష్టారి గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది. గొంతు సవరించుకున్నట్టో, వస్తున్న నవ్వును నొక్కుకున్నట్టో. కాసేపటికి మళ్ళీ వచ్చింది. ఇంకోసారి. ఆ మూడోసారికి మూతి ఎడమ పక్కకి లాగినట్టు వంకరపోయింది.

“నవ్వుతున్నారేటండీ?” అన్నాడు పోలిరాజు.

జవాబు లేదు. ఆ వంకర అలాగే ఉంది.

పోలిరాజుకి లోపల చురుక్కుమంది. మా చేలో పాలేరుగా చేసినవాడి కొడుకు నన్ను చూసి నవ్వుతున్నాడు, అనిపించింది. ఆ ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికే తెలీదు. వచ్చింది, పోయింది. కానీ అది వచ్చాక అతను ఇంకా నింపాదిగా కూర్చున్నాడు. సిగరెట్టు చివరిదాకా కాల్చాడు. మేష్టారి ఎడమ చెయ్యి మోకాలి మీంచి లేచి చాప మీద తట్టింది. ఒకసారి, రెండుసార్లు. తొందరపెడుతున్నారనుకున్నాడు. ఎడమ కంట్లోంచి నీరు కారింది. సిగరెట్టు పొగ పడకేమో అనుకున్నాడు.

బయట చిన్నబ్బాయి కూలీల మీద అరుస్తున్నాడు. మూడూ ముప్పయ్యైదుకి పోలిరాజు ఒక నిర్ణయానికి వచ్చాడు. పెంచడం వద్దు, పారేయడమూ వద్దు. డబ్బు తీసి మధ్యలో పెట్టాడు.

“షో, మేష్టారూ.”

ఆయన కదల్లేదు.

“తిప్పండి మరి. ఎంతసేపండీ?”

విసుగ్గా ముందుకి వంగి, మేష్టారి చేతిలోని ముక్కలు తనే తీసుకోబోయాడు. చెయ్యి తగిలింది. చల్లగా, తడిగా, పట్టు లేకుండా ఉంది. వేళ్ళు ముక్కల్ని పట్టుకుని లేవు, వాటి మీద ఊరికే పడి ఉన్నాయి. ముక్కలు చాప మీద జారి వెల్లకిలా పడ్డాయి. మేష్టారు కుడి పక్కకి, నరికిన అరటిచెట్టులా నెమ్మదిగా ఒరిగి బస్తా మీద వాలిపోయారు.

తర్వాత ఎన్ని ఏళ్ళకైనా పోలిరాజు క్షమించుకోలేకపోయింది ఆ ముందరి పావుగంటని కాదు, ఆ క్షణాన్ని. మనిషి పడిపోతుంటే అతని చూపు మొదట ముక్కల మీదికి వెళ్ళింది. నాలుగు, ఏడు, జాకీ. మూడూ మూడు రంగులు. ఏమీ లేవు. గెలిచాను, అనుకుంది మనసు. ఆ మాట పూర్తయ్యాకే అతను మేష్టారి మొహం చూశాడు. తెరిచిన నోటి కుడి మూలనుంచి ఉమ్మి కారుతోంది. కళ్ళు ఇంకా అతన్నే చూస్తున్నాయి.

“చిన్నబ్బాయీ!” అని అరిచాడు.

చిన్నబ్బాయి పరిగెత్తుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. “ఓరి నాయనో! ఏమయిందండీ? ఇందాకా బానే ఉన్నారు కదండీ!” ఇద్దరూ కలిసి ఎత్తారు. లారీ కూలీలు సాయం పట్టారు. చిన్నబ్బాయి మారుతీ వ్యానులో పడుకోబెట్టి కొత్తపేటలో ఉన్న డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. దారిలో మేష్టారి తల పోలిరాజు ఒళ్ళో ఉంది. “ఏం కాదు మేష్టారూ, ఏం కాదు” అని అంటూనే ఉన్నాడు. ఆయన ఎడమ చెయ్యి అతని చొక్కా గుండీ దగ్గర పట్టుకుని వదల్లేదు.

డాక్టరుగారు కంట్లో లైటు వేసి చూశారు. అరికాలు గీకి చూశారు.

“పక్షవాతం. మాట కూడా పడిపోయింది. ఎంతసేపయిందండీ మొదలై?”

చిన్నబ్బాయి అన్నాడు: “నేను బయటున్నానండి. పోలిరాజుగారే దగ్గరున్నారు.”

ఇద్దరూ అతని వైపు తిరిగారు. పోలిరాజుకి గడియారం కళ్ళకి కట్టినట్టు తెలుసు. చెమట ఎప్పుడు పట్టిందో, కన్ను ఎప్పుడు వాలిందో, మూతి ఎప్పుడు వంకరపోయిందో వరసగా తెలుసు. ఆ పావుగంటలో మేష్టారి మొహాన్ని ఈ ప్రపంచంలో ఎవరైనా శ్రద్ధగా చూశారంటే అది తనే.

“ఇప్పుడేనండి,” అన్నాడు. “అయిదు నిమిషాలు. ఉన్నట్టుండి పడిపోయేరు.”

డాక్టరుగారు అదే రాసుకున్నారు. “వెంటనే రాజమండ్రి తీసుకెళ్ళండి. ఎంత తొందరైతే అంత మంచిది.”

అప్పటికి ఎవరో స్కూటరు మీద జ్ఞానమ్మగారిని తీసుకొచ్చారు. ఆవిడ ఏడవలేదు. నేరుగా వచ్చి భర్త కుడి చెయ్యి పైకెత్తి వదిలారు. అది టప్పున పడిపోయింది. ఆవిడ మొహం తెల్లబోయింది. అలాగే నిలబడి, “ఎప్పుడండీ?” అన్నారు. పోలిరాజు మళ్ళీ అదే మాట చెప్పాడు. రెండోసారి చెప్పడం తేలికైంది.

రాజమండ్రిలో పద్దెనిమిది రోజులు ఉంచారు. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి.

ఇంటికి తెచ్చాక పోలిరాజు రోజూ వెళ్ళడం మొదలుపెట్టాడు. పొద్దున్నే చేలోంచి తిన్నగా అక్కడికే. మేష్టారిని లేపి కూర్చోబెట్టడం, నూనె రాసి చెయ్యి వంచడం, నడవలో నాలుగడుగులు వేయించడం. రావులపాలెం నుంచి వారానికి రెండుసార్లు వచ్చే కుర్ర డాక్టరు నేర్పినవన్నీ నేర్చుకున్నాడు. బిందు ఫోను చేసినప్పుడల్లా, “మీరుండబట్టి సరిపోయింది అంకుల్” అనేది. పాస్టరుగారు ఒకసారి ఇంటికొచ్చి, “ఇలాంటి స్నేహితుణ్ణి దేవుడు అందరికీ ఇవ్వడండి” అన్నారు. పోలిరాజు తల దించుకున్నాడు. అది వినయమనుకున్నారు అందరూ.

ఆదివారాలు కొట్టు వైపు వెళ్ళడం మానేశాడు. చిన్నబ్బాయి రెండుసార్లు పిలిచి ఊరుకున్నాడు.

మేష్టారికి మొదట తిరిగొచ్చిన మాట, అక్కడందరూ అవునండి అనడానికి వాడే “ఆయ్”. ఏది అడిగినా “ఆయ్” అనేవారు. తర్వాత అంకెలు వచ్చాయి. అడుగు వేసినప్పుడల్లా పోలిరాజు “ఒకటీ, రెండూ” అని లెక్కపెడుతుంటే, ఒకరోజు “మూ…డు” అని ఆయన అందుకున్నారు. జ్ఞానమ్మగారు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి కళ్ళొత్తుకున్నారు. ఆ తర్వాత ఒక్కో మాటా వెతుక్కుని, మోసుకొచ్చి ముందు పెట్టినట్టు చెప్పేవారు.

నవంబరు చివర్లో ఒక సాయంత్రం. ఇద్దరూ పెరట్లో బెంచీ మీద కూర్చున్నారు. పోలిరాజు ఆయన కుడి చేతి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి ముడుస్తున్నాడు.

“పోలి…రాజు…గారూ.”

“ఆయ్ మేష్టారూ.”

“ఆ వేళ… ప్యాక్… అన్నాను.”

పోలిరాజు చేతులు ఆగిపోయాయి.

“మూడు… సార్లు… అన్నాను. మీరు… వినలేదు.”

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. క్లాసులో వెనక బెంచీ కుర్రాణ్ణి అడిగినట్టుంది. పోలిరాజుకి గొంతులో వచ్చిన ఆ శబ్దం గుర్తొచ్చింది. మూడుసార్లు. నొక్కిపెట్టిన నవ్వనుకున్నాడు.

“మరి… డబ్బంతా తోసేరు కదండీ,” అన్నాడు, తను ఏం అంటున్నాడో తెలీకుండా.

మేష్టారు తల అడ్డంగా ఊపారు. “ముక్కలు… పారేశాను.” ఎడమ చెయ్యి విసిరి చూపించారు. పారేశారనే ఆయన ఇప్పటికీ అనుకుంటున్నారు. చెయ్యి మాట వినలేదని ఆయనకి తెలీదు. ముక్కలు పారేయబోయిన చెయ్యే చచ్చుబడి చిల్లర కుప్ప మీద పడిందని, దాన్నే తను పెద్ద పందెం అనుకున్నాడని పోలిరాజుకి అప్పుడు అర్థమైంది.

“చాప… మీద… కొట్టేను. మీరు… సిగరెట్టు… కాలుస్తున్నారు.”

అంటే ఆయనకి అంతా తెలుసు. ఆ పావుగంటా లోపల మెలకువగా ఉండి, ఎదురుగా కూర్చున్న స్నేహితుణ్ణి పిలుస్తూ ఉన్నారు. పిలుస్తున్నానని, వినబడుతోందని అనుకుంటూ.

“మీకు… ఏం… ముక్కలు?”

“తొమ్మిదుల జతండి,” అన్నాడు పోలిరాజు.

మేష్టారు కాసేపు లెక్క కట్టుకున్నట్టు చూశారు.

“దానికి… అంత… ఆలోచనా?”

పోలిరాజు లేచాడు. నూతి గట్టు దాకా వెళ్ళి, గిలక స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. అక్కడ జ్ఞానమ్మగారు చేటలో బియ్యం చెరుగుతున్నారు.

“ఏమయిందండీ, అలా ఉన్నారు?”

“అయిదు నిమిషాలు కాదండీ,” అన్నాడు. “నేను అబద్ధం చెప్పేను. పావుగంట. మూడూ ఇరవైకి మొదలైంది. మూడూ ముప్పయ్యైదు దాకా ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉన్నాను. మూతి వంకరపోతే నవ్వుతున్నారనుకున్నాను. పందెం వెయ్యనా, వద్దా అని ఆలోచించుకుంటా సిగరెట్టు కాల్చేను. డాక్టరుగారడిగితే అయిదు నిమిషాలన్నాను. మీరడిగినా అదే అన్నాను.”

ఆవిడ చేతిలో చేట అలాగే ఉండిపోయింది. బియ్యం ఒక పక్కనుంచి నేల మీదికి జారుతున్నాయి. ఆవిడ వాటిని చూడలేదు. చేట కింద పెట్టి అన్నారు:

“ఇంటికెళ్ళండి పోలిరాజుగారూ.”

“జ్ఞానమ్మగారూ…”

“వెళ్ళండి. ఇవాళ మీ మొహం నాకు చూపించకండి.”

అయిదు రోజులు అతను అటు వెళ్ళలేదు. రెండో రోజు భార్య వీరవేణి పట్టుబట్టి అడిగితే చెప్పాడు. ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. “మనిషి అలా అయిపోతుంటే ఎదురుగా కూర్చుని సిగరెట్టు కాల్చేరా?” అంది. ఆ రోజంతా అన్నం పెట్టి పక్కకి వెళ్ళిపోయింది. పాలేరు కొడుకన్న ఆలోచన సంగతి మాత్రం అతను ఆవిడకీ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు కొత్తపేట డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాడు. గంటన్నర కూర్చున్నాక లోపలికి పిలిచారు.

“యేసురత్నం మేష్టారి సంగతండి. ఆ వేళ అయిదు నిమిషాలని చెప్పేను. అది తప్పండి. పావుగంట.”

డాక్టరుగారికి ముందు ఎవరో గుర్తు రాలేదు. వచ్చాక కళ్ళజోడు తీసి అతని వంక చూశారు.

“ఇప్పుడెందుకండీ అది?”

“ఆ పావుగంట ముందు తీసుకొచ్చుంటే మాట ఉండేదా అండీ? చెయ్యి ఉండేదా?”

“చెప్పలేమండి.”

“అంటే ఉండేదేమో?”

“ఉండేదని చెప్పలేం, ఉండేది కాదనీ చెప్పలేం. నెక్స్ట్ ఎవరమ్మా?” అని గుమ్మం వైపు చూశారు డాక్టరుగారు.

అయిదో రోజు శనివారం. పొద్దున పదింటికి ఇంటి ముందు రిక్షా ఆగింది. జ్ఞానమ్మగారు దిగారు. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ ఇంటికి పెళ్ళికి తప్ప రాలేదు. వీరవేణి కంగారుగా ఎదురెళ్ళి వీధరుగు మీద కుర్చీ వేసింది, మంచినీళ్ళు తెచ్చింది. ఆవిడ గ్లాసు తీసుకుని, తాగకుండా చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. పోలిరాజు స్తంభం దగ్గర నిలబడ్డాడు.

“మీ మీద కోపం పోయి రాలేదండి నేను,” అన్నారు ఆవిడ. “పోతుందో లేదో నాకే తెలీదు.”

“ఆయ్,” అన్నాడు పోలిరాజు.

“ఆ ఆదివారం పొద్దున చర్చిలో ఆయన చేతిలోంచి పాటల పుస్తకం జారిపోయింది. తీసిచ్చేను. మళ్ళీ జారిపోయింది. కుడి చెయ్యి మొద్దుబారినట్టుంది జ్ఞానమ్మా అన్నారు. రాత్రి దాని మీద పడుకునుంటారు, పోతుందిలెండి అన్నాను.” ఆవిడ గ్లాసు వంక చూస్తూ చెప్పుకుపోతున్నారు. “భోజనం దగ్గర ముద్ద నోటికి తిన్నగా వెళ్ళలేదు. చొక్కా మీద పడింది. మాటలో కూడా ఒకట్రెండు తేడాగా వినిపించేయి. ఊరందరికీ బీపీ చూసినదాన్నండి. మిషను బీరువాలోనే ఉంది. తియ్యలేదు.”

వీరవేణి గడప మీద కూలబడింది.

“ఎందుకు తియ్యలేదని అడగండి. నిద్రొస్తోందండి నాకు. అంతే. ముందు రాత్రి ఎవరో కాన్పుకి రమ్మంటే వెళ్ళేను, నిద్ర లేదు. ఆయన బయటికెళ్తే కాసేపు నడుం వాలుద్దామనిపించింది. పేకాట వద్దని పదకొండేళ్ళు పోట్లాడినదాన్ని, ఆయనేమో ఆ వేళ ‘ఇవాళ వెళ్ళనులే’ అన్నారు. నేనే వెళ్ళి రండి అన్నాను. నేనే సైకిలు బయట పెట్టేను.”

పోలిరాజు అప్రయత్నంగా స్తంభం పట్టుకున్నాడు. తన పాపానికి శిక్ష వేయడానికి వచ్చిందనుకున్న మనిషి నోట ఇది వింటాననుకోలేదు. ఓదార్చే మాట అనే హక్కు కూడా లేదనిపించింది.

“మీది పావుగంటండి,” అన్నారు జ్ఞానమ్మగారు. “నాది ఆరు గంటలు. చదువుకుని, ముప్పయ్యేళ్ళు అదే పని చేసి. బిందుకి చెప్పలేదు. పాస్టరుగారికి చెప్పలేదు. మీరా వేళ నూతి దగ్గర చెప్పేసరికి, మిమ్మల్ని నాలుగు మాటలు అని నాది దాచేసుకుందామనుకున్నాను. అయిదు రోజులు చూశాను. దాగట్లేదు.”

రోడ్డు మీద ఎరువుల బండి వెళ్తోంది. ఆవిడ నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు.

“మేష్టారికి చెప్పేరా అండీ?” అని అడిగింది వీరవేణి సన్నగా.

“చెప్పేను నిన్న. ఏమన్నారో తెలుసా? ‘నాకు… గుర్తు… లేదు’ అన్నారు. నిజంగా గుర్తు లేదో, నా కోసం అన్నారో తెలీడం లేదు.” ఆవిడ లేచి చీర కుచ్చెళ్ళు సర్దుకున్నారు. “రేపు చర్చికి తీసుకెళ్దామనుకుంటున్నాను. అడుగుతున్నారు. ఆటోలోంచి దింపాలంటే నా ఒక్కదాని వల్ల కాదు. వస్తారా?”

“వస్తానండి,” అన్నాడు పోలిరాజు.

మర్నాడు ఇద్దరూ చెరోపక్కా పట్టుకుని మేష్టారిని చర్చిలోకి నడిపించారు. నాలుగు మెట్లు ఎక్కడానికి పది నిమిషాలు పట్టింది. లోపలున్నవాళ్ళంతా లేచి చూశారు. ముసలివాళ్ళు వచ్చి ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని వదిలారు. పోలిరాజు ఎప్పుడూ లోపలికి వచ్చినవాడు కాదు. బయట ఉంటానంటే మేష్టారు వదల్లేదు. మగవాళ్ళ వైపు గోడ పక్క బెంచీ మీద, ఆయన కుడి పక్కన కూర్చున్నాడు. అటు నడవా అవతల, ఆడవాళ్ళ వైపు, జ్ఞానమ్మగారు.

పాటలయ్యాయి. ప్రసంగం మొదలైంది. కాసేపటికి మేష్టారి తల వాలింది, గడ్డం గుండెకి ఆనింది. ఊపిరి ఒక్కసారి గుర్రుమంది.

పోలిరాజు చటుక్కున తిరిగాడు. ఆయన భుజం పట్టుకుని మొహంలోకి వంగి చూశాడు. పెదాలు చూశాడు, కళ్ళు చూశాడు, రెండు చేతులూ తడిమాడు. తలెత్తేసరికి, నిండు చర్చిలో, అందరూ కూర్చునుండగా, నడవా అవతల జ్ఞానమ్మగారు లేచి నిలబడి ఉన్నారు. ఆవిడ చూపు కూడా ఆ మొహం మీదే ఉంది.

పాస్టరుగారు మాట ఆపారు.

మేష్టారు కళ్ళు తెరిచారు. ఎదురుగా తన మొహంలోకి చూస్తున్న పోలిరాజుని చూశారు, అవతల నిలబడ్డ భార్యని చూశారు.

“ఏం…టి?” అన్నారు.

“ఏం లేదండి,” అన్నాడు పోలిరాజు. “నిద్రండి. నిద్రపోయేరు.”

జ్ఞానమ్మగారు కూర్చున్నారు. ప్రసంగం మళ్ళీ మొదలైంది.